గుండుకు తెరుచుకోని గేటు

ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల బజారులో అంగడి నడిపే ప్రభాకరరావుకు పిసినారి అన్న పేరు లేదు, పిరికివాడన్న పేరు మాత్రం గట్టిగా ఉంది. విదేశీ కారు ఎక్కాలని ఆయనకు ఏళ్లనాటి కోరిక. కారు ధర ఎంతో దాని మీద దిగుమతి సుంకమూ ఇంచుమించు అంత. ఏ దేశంతో ఒప్పందం అని పేపర్లో పడినా, సుంకం తగ్గుతుందేమోనని ఆగేవాడు. చివరికి ఓపిక చచ్చి కొనేశాడు. ఆ రోజు నుంచి ప్రార్థన తిరగబడింది. తగ్గించొద్దు స్వామీ, బజారంతా నన్ను చూసి నవ్వుతుందని దండం పెట్టుకునేవాడు.

కారు చెన్నై రేవులో చిక్కుకుపోతే, గీత పడకుండా ఇల్లు చేరితే తలనీలాలు ఇస్తానని తిరుమల వెంకన్నకు మొక్కాడు. కారు చేరింది, ఆయన నిద్ర పోయింది. ప్రహరీ ఎత్తు పెంచాడు, ముళ్లతీగ చుట్టించాడు, మూలమూలకూ కెమెరా పెట్టించాడు. పోయిన నెల ఇనుపగేటుకు ముఖం చూసి తెరుచుకునే యంత్రం బిగించి, దానికి ఒక్క తన ముఖమే నేర్పించాడు. మరి నా మొగమో అని భార్య కన్యకమ్మ అడిగింది.

"నలుగురి మొగాలు పెడితే ఇంగ బందోబస్తు ఏముంటాది?" అన్నాడు.

ముప్పై ఏళ్లుగా ఆ ఇంట్లో దీపం పెడుతున్న మనిషికి ఆ మాట చురుక్కుమంది. అయినా ఏమీ అనలేదు. అప్పుడే ఆయనకు అనుమానం రావలసింది.

మొక్కు తీర్చుకోవడానికి బస్సులోనే వెళ్లారు. కొత్త కారును ఘాట్ రోడ్డు ఎక్కించే ధైర్యం ఆయనకెక్కడిది? తెల్లారేసరికి తిరిగొచ్చారు. ఆ పూటే జమ్మలమడుగులో కన్యకమ్మ చెల్లెలి కూతురు తనూజకు శ్రీమంతం. వాళ్లలో తొలి గాజు పెద్దమ్మే తొడగాలి, అదీ మధ్యాహ్నం లోపలే. పెళ్లయిన ఎన్నో ఏళ్లకు నిలిచిన కడుపు కాబట్టి, ఆ గాజులను కన్యకమ్మ నెల ముందే చేయించి దేవుడి గదిలో పెట్టింది.

ప్రభాకరరావు గేటు ముందు నిలబడి మొహం చూపించాడు. ఎర్రలైటు వెలిగింది. నామం తుడుచుకుని మళ్లీ చూపించాడు. ఈసారి సైరన్ మోగింది. జేబులో ఫోనూ మోగింది. మీ గేటు దగ్గర ఎవరో కొత్త మనిషి ఉన్నాడు, జాగ్రత్త అంటూ ఫొటో వచ్చింది. ఫొటోలో జుట్టూ మీసమూ లేని తన గుండే.

బిగించినవాడికి ఫోన్ చేశాడు. "పులివెందులలో చీనీతోట కాడ కెమెరాలు బిగిస్తాండా సార్. రేపటి దాకా రాలేను."

"నేనేనప్పా! నా గేటు నన్నే దొంగ అంటాంది!"

"యాడికీ పోగాకండి సార్. మీసం వస్తే అదే గుర్తుపడతాది."

వీధి వీధంతా చేరింది. ప్రభాకరరావు చెమటలు కక్కుతున్నాడు. కన్యకమ్మ ఒకసారి ఆకాశంలోని ఎండను, ఒకసారి మొగుడి గుండును చూసింది. చెప్పాలా వద్దా అని నలిగిపోయింది. తెలిస్తే తాను ఇన్నాళ్లూ వాడుకున్న దారికీ తాళం పడుతుంది. కానీ అక్కడ తనూజ పీట మీద కూర్చుని ఉంటుంది.

"రాండి," అని ఆయన చెయ్యి పట్టుకుని పక్కింట్లోకి లాక్కుపోయింది.

రహమత్‌బీ వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ, "వదినా, ఏంది ఈరోజు అన్నను కూడా తెచ్చినావు?" అంది.

ప్రభాకరరావుకు అర్థం కాలేదు. మిద్దె మెట్లు ఎక్కాక అర్థమైంది. గోడ కలిసిన మిద్దెలు. ఆరబోసిన మిరపకాయలు దాటితే తన మిద్దె, తీసే ఉన్న తలుపు, తన వంటిల్లు. ముళ్లతీగ ఎక్కడో కింద ఉండిపోయింది.

"నెల నుంచీ ఇట్లనేనా?"

"ఇంగెట్ల? కూరగాయలకు పోయొచ్చిన ప్రతిసారీ మీరు అంగడి మూసి వస్తారా?"

ఆయనకు కోపం రావలసింది. సిగ్గేసింది. గాజులు తీసుకుని, లోపలి మీట నొక్కి గేటు తెరిచి, ఘాట్ రోడ్డును చూస్తేనే భయపడే మనిషి జమ్మలమడుగు దారిలో గుంతలు కూడా చూడకుండా కారు ఉరికించాడు.

తనూజ చేతికి తొలి గాజు ఎక్కింది. పిల్ల కళ్లు చెమర్చాయి, కన్యకమ్మకు కన్నీళ్లు కారిపోయాయి. అందరూ భోజనాలకు లేచాక ఆమె మెల్లగా అడిగింది.

"రేపు ఆ మిద్దె తలుపుకు తాళం వేపిస్తారా?"

"వేపిస్తే ఇంగ నువ్వు నా ఇంట్లో ఉంటావా?" అన్నాడు ప్రభాకరరావు. "రేపు ఆ గేటు యంత్రం బిగించినోడు రానీ. ముందు నీ మొగం నేర్పిస్తా. నాది ఆ తర్వాత చూసుకుందాం."