కోపాల చిట్టా

ప్రతి ఆదివారం పొద్దున్నే కళల సంతలో గుడారం వేసి, బల్ల మీద నల్లగుడ్డ పరిచి, గాజులూ కడియాలూ పేర్చాక ఆమె చిన్న ఇనప దిమ్మె, అదే దాగలి, ముందు పెట్టుకుని కూర్చునేది. అప్పుడు మొగుడు గొంతు సవరించుకుని తన పని మొదలుపెట్టేవాడు. ఆయన పనల్లా ఆమెకు కోపం తెప్పించడమే.

కోపం వస్తే ఆమె చేతిలో లోహం మెత్తబడేది. పుట్టుకతో వచ్చిన చెయ్యి అది. పక్క బల్ల కుండలాయనకు తెలుసు, కొనేవాళ్లకూ తెలుసు. కొలిమి లేదు, గ్యాసు ఖర్చు లేదు, అదృష్టవంతుడివయ్యా అని అందరూ మొగుణ్ణే మెచ్చుకునేవాళ్లు. మీ అమ్మ ఫోన్లో మళ్లీ నా బుర్ర తినేసింది అని ఆయన అంటే రాగి తీగ పిండిలా సాగేది. నీ కూర కంటే ఆసుపత్రి కూడే నయం అంటే ఇత్తడి రేకు వంగేది. ఆమె పళ్లు నూరుతూ సుత్తి అందుకునేది. సాయంత్రానికి తల పగిలిపోతుంటే, ఊరికే అన్నానే, పని కోసం కదా అని నవ్వేవాడు. దాంతో ఒళ్లు మండేది. ఆ మంట కూడా వృథా పోనివ్వకుండా ఇంకో రేకు చేతిలో పెట్టేవాడు మహానుభావుడు.

ఆ ఆదివారం నగల దుకాణం యజమానురాలు వచ్చింది. లావుపాటి వెండి కడియాలు మూడు వందలు, మూడు నెలల్లో కావాలంది. ఆమె నోరు తెరిచేలోపే మొగుడు సరేననేశాడు.

దుకాణమావిడ పక్క బల్లకు వెళ్లగానే ఆమె ఉండబట్టలేక అడిగింది.

"లావు వెండికి మామూలు కోపాలు చాలవు. తెలిసే ఒప్పుకున్నారా?"

"అది నాకొదిలెయ్. ఒకటి దాచి ఉంచాను," అని ఆయన టీ తేవడానికి వెళ్లాడు.

రసీదు పుస్తకం కోసం ఆమె ఆయన సంచీలో చెయ్యి పెడితే చిన్న నోటుపుస్తకం తగిలింది. ఆయన గుండ్రటి అక్షరాలే. "వాళ్లమ్మ: రాగి తీగ. వంట: ఇత్తడి రేకు. లావెక్కిందని: సన్న వెండి. వారానికొకసారే అనాలి, అలవాటు పడితే పని చెయ్యదు." ఇరవై ఏళ్ల చిట్టా, తేదీలతో సహా. చివరి పేజీలో ఒక్కటే ఉంది. "పోయిన బిడ్డ: ఇంతవరకు వాడలేదు. లావు వెండికి."

ఆ బిడ్డ ఏడో నెలలో కడుపులోనే పోయింది. ఆ రోజు ఆసుపత్రి వరండాలో ఆయన కూడా ఏడ్చాడు. ఏడ్చి, ఇంటికొచ్చి రాసుకున్నాడన్నమాట.

ఆమెకు ఇన్నేళ్లూ ఆయన మాటల మీద కోపం వచ్చేది గానీ ఆయన మీద రాలేదు. ఎంతైనా పని కోసమే కదా అని తనకు తానే సర్దిచెప్పుకునేది. ఇప్పుడు సర్దిచెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు. కణుపు ఉబ్బి ఎన్నాళ్లనుంచో ఊడిరాని పెళ్లి ఉంగరం మెత్తబడి, వేలి మీంచి జారి దాగలి మీద పడింది. ఆమె దాన్ని నాలుగు దెబ్బల్లో రేకు చేసి, చిల్లు పొడిచి, దారం కట్టి అమ్మకానికి పెట్టింది.

మొగుడు టీతో వచ్చేసరికి ఎవరో అమ్మాయి దాన్ని మెడలో వేసుకుని, ఎంతండీ అని అడుగుతోంది. నీ దగ్గర ఎంతుంటే అంత ఇచ్చి తీసుకుపోమ్మా అంది ఆమె. ఆయన ముందుగా ఆమె బోడి వేలు చూశాడు. తర్వాత బల్ల మీద తెరిచి ఉన్న నోటుపుస్తకం చూశాడు.

"అదేదో ఊరికే రాసుకున్నానే, పని కోసం..."

"చదువు. ఆ చివరిది. ఈవిడకి వినపడేలా."

అప్పటికి దుకాణమావిడ తిరిగొచ్చి ఎదురుగా నిలబడి ఉంది. ఆయన చదవకుండా టీ గ్లాసు ఆవిడ ముందుకు చాపాడు. చివరికి ఆవిడే వంగి చదివి, టీ వద్దని చెయ్యి అడ్డం పెట్టింది.

"మూడు వందలు కుదరవండీ," అంది ఆమె, సుత్తులు సంచీలో వేసుకుంటూ. "నెలకు పది చేస్తాను. నిప్పు మీద. నా కోపం నాక్కావాలి."

"అలాగే. ఎక్కడికి రమ్మంటారు?"

ఆమె దాగలి చంకనెత్తుకుంది.

"ఇంకా తెలీదు. ఈయన ఇంటికి మాత్రం రాకండి."