చాటల నడుమ ఇంగ్లీషు గైడు

నేను ఒక పుస్తకాన్ని అని చెప్పుకోవాలంటే కాస్త మొహమాటం. అసలు పుస్తకాలు నన్ను తమ వరుసలో నిలబడనివ్వవు. నేను గైడును. కాలేజీ ప్రవేశ పరీక్షకు వెళ్లేవాళ్ల ఇంగ్లీషు గైడును. ముందు గ్రామరు, తర్వాత పదాలు, ఆ తర్వాత చదివి జవాబులు గుర్తించే ప్యాసేజీలు, చివర 'కీ'. పరీక్ష అయిన మర్నాడు నా ముఖం చూసేవాడుండడు. అయితే ఏం? అట్ట మీద బంగారు అక్షరాలు వేయించుకుని అద్దాల బీరువాలో కూర్చున్న ఆ పెద్దమనుషులు ఎంతమందికి సీటు ఇప్పించారో చెప్పమనండి, చూద్దాం!

హైదరాబాదులో ఒక ఇరుకు ప్రెస్సులో పుట్టాను. నన్ను రాసింది రిటైరైన ఒక లెక్చరరు. మనిషి మంచివాడే గానీ పిసినారి. డబ్బు దగ్గర కాదు, కథ దగ్గర. చక్కటి కథ ఒకటి ఎత్తుకునేవాడు, అర పేజీ నిండగానే కలం ఆపేసేవాడు. పడవ నది మధ్యలో ఉన్నా సరే, దొంగ గోడెక్కి కూర్చున్నా సరే. "చదివింది అర్థమైందో లేదో తేలడానికి ఈ మాత్రం చాలు, ముగింపుతో పిల్లలకేం పని?" అని ఆయన వాదన. అలా నా కడుపు నిండా సగం కథలే మిగిలాయి. ఆ సగం తర్వాత ఏం జరిగిందో నాకూ తెలియదు.

మొదట నన్ను కొన్నవాడు నిజామాబాదు కుర్రవాడు. దిండు కింద పెట్టుకుని పడుకుంటే ఇంగ్లీషు దానంతటదే తలకెక్కుతుందని అతని నమ్మకం. ఎక్కలేదు. తర్వాత అతని వదిన కుట్టుమిషను ఊగుతోందని నన్ను తీసి దాని కాలి కింద పెట్టింది. నిజం చెప్పాలంటే ఆ ఇంట్లో నేను ఎవరికైనా పనికొచ్చింది అప్పుడే. చివరికి మెట్‌పల్లి బస్టాండు దగ్గర పాత పుస్తకాలవాడి గోనెపట్టా మీదికి చేరాను. అక్కడ విఠల్ సార్ కంటబడ్డాను. ఆ చుట్టుపక్కల పల్లెలో హైస్కూలు ఇంగ్లీషు మాస్టారు ఆయన. నన్ను తిరగేసి, 'కీ' ఉందా లేదా చూసి, సంచిలో వేసుకుని, మర్నాడు తన దగ్గర చదివిన రవళి చేతిలో పెట్టాడు.

రవళి అప్పుడే పదో తరగతి పరీక్షలు రాసింది. సన్నగా ఉంటుంది, ఊరికే మాట్లాడదు, పట్టిన పట్టు విడవదు. గురుకుల కాలేజీలో సీటొస్తే హాస్టలు, తిండి, చదువు అన్నీ వాళ్లే చూసుకుంటారు. ఆ సీటుకే ప్రవేశ పరీక్ష. లెక్కల్లో ఆ పిల్లకు తిరుగులేదు. ఇంగ్లీషు దగ్గరే తడబడుతుంది. తండ్రి దుబాయిలో తాపీ పనికి పోయాడు, తల్లి గంగామణి బీడీలు చుడుతుంది. గంగామణి కఠినురాలు కాదు గానీ మాట మాత్రం తెగేసి చెప్పింది.

"సీటొస్తే చదువు బిడ్డా, నేనేం అడ్డం రాను. రాకుంటే చాట పట్టు. బయటి కాలేజీకి తోలుడు నాతోని కాదు."

ఆ వాడలో ఆడవాళ్ల పని ఎలా సాగుతుందో చెప్పాలి. పొద్దున వంటలు కాగానే అందరూ చాటలు పట్టుకుని గంగామణి ఇంటి అరుగు మీదికి చేరతారు. ఒళ్లో చాట, చాటలో తంబాకు, కత్తిరించిన తునికాకు, దారం. చేతులు వాటి పని అవి చేసుకుంటూ పోతాయి, చూడక్కర్లేదు. ఖాళీగా ఉండేవి చెవులే. ఆ చెవులకు ఏదో ఒకటి పడాలి. అందుకని ఎవరో ఒకరు చెబుతూ ఉంటారు, మిగతావాళ్లు వింటూ చుడతారు. చెప్పేవాళ్లు ఆగితే పని కూడా నీరసపడుతుంది.

రవళి నన్ను తెరిచి ఆ గుంపు మధ్యలోనే కూర్చుంది. ఇంట్లో ఇంకో చోటు లేదు, ఆకు కత్తిరించి తల్లికి అందించే పనీ తనదే. ఒక కన్ను నా మీద, ఒక కన్ను ఆకు మీద. 'గో, వెంట్, గాన్' అని అది పైకి చదువుతుంటే ఆ దరువుకు బీడీలు చుట్టేవాళ్లు. కొత్త పదం రాగానే వాడలో ఒక మనిషికి తగిలించుకునేది. అలాగైతే మరిచిపోదట. 'జెనెరస్' అంటే పిలిచి అన్నం పెట్టే కళావతి చిన్నమ్మ. 'స్టబర్న్' అంటే ఎవరి మాటా వినని రాజవ్వ.

రాజవ్వ అంటే ఆ అరుగు మీద అందరికంటే పెద్దది, అందరికంటే నోరున్నది. "ఏందే, నా దిక్కు జూసుకుంట ఏమంటున్నవ్?" అని పట్టుకుంది.

"మంచిమాటే పెద్దవ్వా. గట్టి మనిషి అని."

"గట్లయితే ఇంకోపారి అను," అంది రాజవ్వ, కాలు చాపుకుంటూ.

గ్రామరు వరకు అంతా బాగానే నడిచింది. ప్యాసేజీల దగ్గర గొడవ మొదలైంది. పడవవాడి కథ ఒకటుంది నాలో. సాయంత్రం పూట ఒక పడవవాడు అవతలి గట్టుకు బయలుదేరతాడు, నది నడుమకు వచ్చేసరికి పొగమంచు దట్టంగా కమ్ముతుంది, పడవను వెనక్కి తిప్పుతాడు. అంతే, కింద ప్రశ్నలు. రవళి ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెప్పి, ఆగింది. రాజవ్వ చెయ్యి కూడా ఆగింది.

"తర్వాత?"

"అంతే పెద్దవ్వా. అయిపోయింది."

"నడి నీళ్లల్ల మనిషిని ఇడిసిపెట్టి అయిపోయిందంటరా? ఇదేం కథనే! వాని పెండ్లాం పిల్లలు ఏం గావాలె?"

అందరూ పట్టుబట్టారు. రవళి కాసేపు నన్ను చూసింది, కాసేపు వాళ్లను చూసింది, మిగతా కథ తానే కలిపింది. గట్టు మీది నుంచి ఎవరో పిలిచారట. అలిగి వెళ్లిపోయిన కూతురి గొంతులా ఉందట, అందుకే పడవ తిప్పాడట. రాజవ్వ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఆ రోజు పని కూడా బాగా సాగింది. అయ్యో, నాకెంత ముచ్చటేసిందో! నా సగం కథకు ఒక దారి చూపించిన మనిషి దొరికింది కదా అని పొంగిపోయాను.

ఇక అప్పటినుంచి రోజూ అదే వరస. గోడెక్కిన దొంగ ఆ ఇంటి ముసలాయన దగ్గర పాలేరుగా చేరాడు. ఊరు వదలనన్న ఏనుగుకు ఒక పిల్లవాడు దొరికాడు. రవళి చెప్పేకొద్దీ చెప్పడం వచ్చింది. వాక్యం వాక్యం అర్థం చేసుకోకపోతే కలపడం కుదరదు గనక ఇంగ్లీషు కూడా పదునెక్కింది. నేనైతే సీటు వచ్చేసిందనే అనుకున్నాను. గైడు తెలివి అంతవరకే.

పరీక్ష దగ్గరపడ్డాక విఠల్ సార్ పిల్లలను బడికి పిలిచి నమూనా పరీక్ష పెట్టాడు. ప్యాసేజీలు నాలోంచే తీశాడు. గ్రామరులో రవళికి ఒక్క తప్పు లేదు. ప్యాసేజీల్లో మాత్రం వరసగా ఎర్ర గీతలు. సార్‌కు నమ్మబుద్ధి కాలేదు. పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"పడవ ఎందుకు తిప్పిండు అని అడిగిన్రు. మంచు కమ్మిందని ఒకటి ఉన్నది, ఎవరో పిలిచిన్రని ఒకటి ఉన్నది. నువ్వు పిలిచిన్రని పెట్టినవ్. ఎవరు పిలిచిన్రమ్మా? నాకు చూపియ్యి."

రవళి నన్ను తెరిచి వేలు పెట్టి వెతికింది. పైనుంచి కిందికి ఒకసారి, మళ్లీ ఒకసారి. కూతురు లేదు, గొంతు లేదు, గట్టు మీద ఎవరూ లేరు. వేలు అక్కడే ఆగిపోయింది. పాపం, దాని తలలో ప్రతి కథా రెండయింది. అచ్చులో ఉన్నదేదో, తాను కలిపిందేదో దానికే తెలియకుండా పోయింది.

విషయం విన్నాక విఠల్ సార్ తిట్టలేదు. నవ్వు మాత్రం ఆపుకోలేకపోయాడు. నవ్వాక గట్టిగానే చెప్పాడు. "మంచిగ కలిపినవ్. గాని పరీక్షకు, ప్యాసేజీల లేనిది ప్రపంచంల లేనట్టే. ఇట్లనే రాసినవనుకో, సీటు పోతది."

దారి పొడవునా రవళి ఏడవలేదు. పళ్లు బిగించుకుని నడిచింది. ఇంటికి రాగానే అరుగు మీద అందరి ముందు నిలబడి చెప్పేసింది. "ఇయ్యాల్టి సంది నేను కలిపి చెప్ప. రాసింది రాసినట్టే చెప్త. అది ఎక్కడ ఆగితే నేను అక్కడనే ఆగుత."

రాజవ్వకు కోపం ముంచుకొచ్చింది. "గట్లయితే ఆ పుస్తకం తీసి అవతల పారెయ్యి. సగం కథలు ఎవలికి గావాలె?"

గంగామణి దారం తెంపుతూ తలెత్తకుండానే అంది, "అది సీటు కొరకు సదువుతున్నదక్కా. మన కొరకు గాదు."

ఆ మాటతో రాజవ్వ చాట తీసుకుని లేచి వెళ్లిపోయింది. మర్నాడు రాలేదు. ఆవిడ లేని అరుగు ఎంత చప్పగా ఉంటుందో చెప్పలేను. రవళి ఏనుగు కథ తీసి ఉన్నదున్నట్టు చెప్పబోయింది. కలిపిన పిల్లవాడు ప్రతి వాక్యం వెనక నుంచీ తొంగిచూశాడు. "ఒక పిల్లగాడు" అని నోరు జారింది, నాలుక కరుచుకుంది, మళ్లీ మొదటికి వచ్చింది. కోపం పట్టలేక నన్ను నేలకేసి కొట్టింది కూడా. నేనేమీ అనుకోలేదు. అంతకు ముందు కుట్టుమిషనునే మోసినవాణ్ణి.

రాజవ్వ అలక నిలవలేదు. ఇంట్లో ఒక్కతే కూర్చుంటే చేతులు కదలడం లేదని మళ్లీ వచ్చేసింది. వచ్చి తన చోట్లో కూర్చుని, "చెప్పు. ఉన్నదే చెప్పు. ఎట్ల ఆపుతవో ఆపు," అంది.

అంతటితో వదిలే మనిషైతే ఆవిడ రాజవ్వ ఎందుకవుతుంది? రవళి చెప్పే ప్రతి మాటకూ అడ్డం పడటం మొదలుపెట్టింది.

"ముసలాయన లోపలికి పోయి తలుపు ఏసుకున్నడు..."

"ఏసుకున్నడని రాసిన్రా?"

రవళి నన్ను చూసుకుంది. "లోపలికి పోయిండని రాసిన్రు."

"మరి తలుపు నువ్వెందుకు ఏస్తున్నవే? దాన్ని అట్లనే ఇడువు."

మిగతావాళ్లూ అందుకున్నారు. 'ఉన్నదా, కలిపినవా?' అన్నది ఆ అరుగు మీద ఆటయింది. పట్టుకున్నవాళ్లకు గెలుపు. కళావతి ఒకసారి తన మొగుడు చెప్పిన కబురును కూడా 'ఉన్నదా, కలిపినవా?' అని అడిగి తిట్లు తిన్నది. కథ నడిమధ్యలో ఆగినప్పుడల్లా రాజవ్వ నోరు తెరిచేది, అడగాలనుకున్నది మింగేసేది, ఇంకో ఆకు తీసుకునేది. ఆవిడకు కథంటే ప్రాణమని నాకు తెలుసు. అలా మింగినప్పుడల్లా నాకు కష్టంగా ఉండేది. రవళి మాత్రం ఆ మౌనాన్ని కూడా వాడుకుని తర్వాతి ప్యాసేజీ తిప్పేది. దానికి సీటు కావాలి.

పరీక్ష మెట్‌పల్లిలో. తల్లీకూతుళ్లిద్దరూ మొదటి బస్సుకే వచ్చారు. నన్ను లోపలికి రానివ్వరు గనక గంగామణి ఒళ్లో, ప్రహరీగోడ నీడన ఉండిపోయాను. ఆవిడ చేతులకు పనిలేక నా అట్ట చివర చుట్టడం, విప్పడం, మళ్లీ చుట్టడం. ఆ అట్ట ఇప్పటికీ బీడీలాగే వంకర తిరిగి ఉంది.

గంట కొట్టారు. రవళి బయటికి వచ్చింది. తల్లి ఎలా రాశావని అడగలేదు.

"ఏం కథ వచ్చిందే?" అని అడిగింది.

"ఒక చిన్న స్టేషన్. అక్కడ ఆగని రైలు ఆ దినం ఆగింది. ఒక ముసలామె దిగింది. చేతుల పంజరం ఉన్నది, పంజరంల ఏం లేదు."

గంగామణి ఎదురుచూసింది. "మల్ల?"

"అంతే రాసిన్రు. పంజరం ఎందుకు ఖాళీగ ఉన్నదని అడిగిన్రు. పిట్ట సచ్చిపోయిందని ఒకటి, ఎగిరిపోయిందని ఒకటి, అమ్మేసిందని ఒకటి. కింద, ప్యాసేజీల చెప్పలేదని ఒకటి. ఎగిరిపోయిందని పెట్టబుద్ధయిందమ్మా. పెన్ను ఆడిదాక పోయింది. రాసిన్రా అని పెద్దవ్వ అడిగినట్టనిపించింది. చెప్పలేదని పెట్టిన."

గంగామణి కూతురి తల ఒకసారి నిమిరి, బస్సుకు టైమైందని లేచింది.

సీటొచ్చింది. విఠల్ సార్ స్వయంగా అరుగు దగ్గరికొచ్చి చెప్పాడు. ఆడవాళ్లందరూ ఒక్కసారే మాట్లాడారు, ఎవరేమన్నారో నాకు వినబడలేదు. రాజవ్వ ఏడ్చింది, ఏడవలేదని దబాయించింది. రవళి హాస్టలుకు వెళ్లిపోయింది. నేను వెళ్లలేదు. గెలిచిన పరీక్షకు గైడెందుకు? నన్ను పాత కాగితాలవాడికి వేసేద్దామని కళావతి అంటే రాజవ్వ ఒప్పుకోలేదు. సజ్జ మీదికి ఎక్కించారు. పక్కన తునికాకు కట్టలు ఉన్నాయి. నేను అక్కడే ఉన్నాను, బాగానే ఉన్నాను.

మొన్న దసరా సెలవులకు రవళి వచ్చింది. కాస్త ఒళ్లు చేసింది. వచ్చీ రాగానే అలవాటుగా అరుగు మీద కూర్చుని ఆకు కత్తిరించడం మొదలుపెట్టింది. హాస్టలు సంగతులు, పప్పు సంగతులు, మేడం సంగతులు అన్నీ అయ్యాయి. రాజవ్వ అంతసేపూ ఉగ్గబట్టుకుని ఉందని నాకు తెలుస్తూనే ఉంది. చివరికి చాట పక్కన పెట్టింది.

"అవునే, ఆ పంజరంల పిట్ట ఏమాయె?"

"రాయలేదు పెద్దవ్వా."

"రాయకుంటే మాయె. పరీక్ష అయిపాయె, సీటొచ్చె. ఇగ నువ్వు చెప్పు."

అందరి చేతులూ ఆగాయి. రవళి కత్తెర కింద పెట్టి మొదలుపెట్టింది. ఆ కథ నాలో లేదు, ఏ గైడులోనూ లేదు. సజ్జ మీద నుంచి నేనూ వినసాగాను.