అటక మీది గబ్బిలం

ఆ ఇంట్లో కొన్నాళ్లుగా ఎవరూ గట్టిగా తుమ్మడం లేదు. అటక మీద గబ్బిలం పడుకుని ఉంది, దాని నిద్ర చెడకూడదు అని కోడలి ఆజ్ఞ. అదేం మామూలు గబ్బిలం కాదు. అంతరించిపోతున్న జాతి. పగటిపూట దాని జోలికి వెళితే బెదిరిపోయి చోటే వదిలేస్తుందట. అందుకని అత్తగారు మిక్సీని వంటింట్లోంచి పెరటి వరండాలోకి మార్చుకుంది. కొడుకు తలుపులు చప్పుడు కాకుండా ఒత్తి మూయడం నేర్చుకున్నాడు. అటకెక్కే నిచ్చెన మంచం కిందకి చేరింది.

మా అత్తగారు నిద్రపోతున్నప్పుడు కూడా నేనింత జాగ్రత్తగా నడవలేదమ్మా అని అత్తగారు గొణిగేది. గొణుగుతూనే మునివేళ్ల మీద నడిచేది.

కోడలు గబ్బిలాల మీద పరిశోధన మొదలుపెట్టి చాలా కాలమే అయింది. ఆమెతో పాటు చేరినవాళ్లు డాక్టరేట్లు పుచ్చుకుని, ఉద్యోగాల్లో కుదురుకుని, బొజ్జలు కూడా పెంచేశారు. ఆమె మాత్రం ఇంకా చిన్న చిన్న డబ్బాల్లో గబ్బిలాల రెట్టలు ఏరుకొచ్చి, సూక్ష్మదర్శిని కింద విప్పి చూసి, ఇది చిమ్మెట రెక్క, ఇది పేడపురుగు కాలు అని మురిసిపోతూ ఉండేది. ఎప్పుడవుతుందే నీ చదువు అని అత్తగారు అన్నం వడ్డిస్తూ అడిగేది. అందులో కోపమేం ఉండేది కాదు. కుళాయిలో నీళ్లొచ్చాయా అని అడిగినట్టే ఉండేది. అయినా ఆ ప్రశ్న వినగానే కోడలు ఎత్తిన ముద్ద మళ్లీ కంచంలో పెట్టేసేది.

వాళ్ల వీధి చివర మూతపడ్డ మిల్లు ఒకటుంది. దాని గోదాము దూలాల సందుల్లోనే ఆ గబ్బిలాల ఆఖరి గుంపు బతుకుతోంది. ఆ స్థలం కొన్న బిల్డరు గోదాము పడగొట్టి ఫ్లాట్లు కట్టాలని తొందరపడుతున్నాడు. కోడలి పరిశోధన పూర్తయ్యేదాకా గోదాము జోలికి ఎవరూ వెళ్లకూడదని ఒక కమిటీ ఆపి ఉంచింది. ఆ గబ్బిలాలు ఎక్కడ ఉంటాయో, ఎక్కడ తింటాయో ఆమె తేల్చి చెప్పాలి. గోదాము తప్ప వాటికి గతి లేదని తేలితే గోదాము బతుకుతుంది. డాక్టరేటూ వస్తుంది. అలాగని కోడలు నమ్మింది.

ఎక్కడ తింటాయో తెలియాలంటే వాటి వెంట పడాలి. సాయంత్రం గోదాము కిటికీకి సన్నటి వల కట్టి, చిక్కినవాటి వీపు మీద పూసంత ట్యాగు ఒకటి జిగురుతో అంటించి వదిలిపెట్టాలి. దానికి వెంట్రుకంత తోక ఉంటుంది. అది పంపే సంకేతం రిసీవరులో టిక్కు టిక్కుమని వినిపిస్తుంది. కోడలు అంటించిన ట్యాగుల్లో చాలావరకు రెండు మూడు రోజుల్లోనే ఊడి గోదాము చెత్తలో పడిపోయాయి. ఒక్కటే నిలబడింది. ఆ గబ్బిలానికి ఆమె బంగారం అని పేరు పెట్టుకుంది. పరిశోధించే జీవులకి పేర్లేమిటమ్మా అని గైడు గారు కసిరినా మానలేదు.

ఒకరోజు బంగారం సంకేతం గోదాములోంచి మాయమైంది. కోడలు యాంటెనా పట్టుకుని వీధంతా వెతుక్కుంటూ వస్తే, చివరికి అది ఎక్కడ వినిపించిందంటారు? ఆమె ఇంటి పెంకుల కింద, ఆమె అటక మీదే. ఊళ్లో ఇన్ని ఇళ్లుండగా బంగారం తన ఇల్లే ఎంచుకుంది! ఎన్నాళ్లో ఎండలో వానలో తిరిగిన తిరుగుడికి ఇది ఫలితం అనుకుని వీధిలోనే ఎగిరి గంతేసింది. అంత సంతోషంలో ఉన్న మనిషికి ఎందుకు, ఎలా అన్న ప్రశ్నలు తోచవు కదా. ఇంట్లో రిసీవరు మోగితే దానికి ఇబ్బందని, ఆ పెట్టెని గుమ్మం దాటి లోపలికి తేవడం కూడా మానేసింది. మధ్యాహ్నం వీధిలోంచే ఒకసారి అటక వైపు తిప్పి, ఉందిలే అనుకుని వెళ్లిపోయేది.

పొద్దుగూకాక మొగుడు స్కూటరు నడిపేవాడు. వెనక చేపముల్లులాంటి యాంటెనా ఎత్తిపట్టుకుని ఆమె కూర్చునేది. బంగారం ముందు హోటలు వెనక సందులోకి వెళ్లేది. అక్కణ్ణుంచి చేపల కొట్టు. తర్వాత పాల డిపో. ఆ పైన పంటి డాక్టరు గారి వంటింటి కిటికీ దగ్గర చాలాసేపు. గబ్బిలానికి పాల డిపోలో ఏం పనే అని మొగుడు ఒకసారి అడిగాడు. చదువుకున్నవాళ్లతో వచ్చిన చిక్కేమిటంటే, వాళ్లకి కారణం దొరకని విషయమంటూ ఉండదు. డిపో ముందు పెద్ద లైటుంది, లైటుకి చిమ్మెటలు చేరతాయి, చిమ్మెటల కోసం బంగారం వస్తుంది అని కోడలు వివరించింది. చేపల కొట్టుకి కూడా లైటుంది. డాక్టరు గారి వంటింటికి మాత్రం ఏం తక్కువ? మొగుడు బండి ముందుకి పోనిచ్చాడు. బాగా తింటున్నావే బంగారం అని ఆమె చీకట్లోకి చూసి ముద్దుగా అనేది.

ఆ ఇంట్లో ఇంకో మనిషి ఉన్నాడు. మనిషంటే పిల్లి. అత్తగారి పిల్లి. వీధిలో ప్రతి వంటింటినీ తనిఖీ చేసి వస్తుందని దాన్ని ఇన్స్పెక్టరు అనేవారు. కోడలికీ దానికీ పడేది కాదు. ఒక్క గబ్బిలాన్ని ముట్టుకుందా, దీన్ని ఊరవతల దింపేసి వస్తానని ఆమె ఎప్పుడో ఒట్టు పెట్టుకుంది. ఇన్స్పెక్టరు గారు ఆ ఒట్టుని చెవిన పెట్టలేదు.

బంగారం తిరిగిన చోట్లన్నీ ఎర్రచుక్కలు పెట్టి కోడలు ఒక మ్యాపు గీసింది. గైడు గారు ఆ మ్యాపు చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. అడవి జీవి ఊరికి అలవాటు పడుతోందమ్మా, పరిశోధనంటే ఇదీ అన్నారు. ఆయన రిటైరయ్యేలోగా పేరు రావాలని ఆయన తాపత్రయం. థీసిస్ ఈ నెలాఖరుకి ఇచ్చెయ్యమన్నారు. ఈలోగా ఆ మ్యాపుని కమిటీకీ పంపేశారు.

మర్నాడు బిల్డరు దగ్గర్నుంచి కోడలికి పూలగుత్తి వచ్చింది. దాని వెంట ఒక కార్డు. గబ్బిలాలు ఇళ్ల అటకల మీదా హాయిగా ఉంటాయనీ, గోదామే అక్కర్లేదనీ నిరూపించినందుకు కృతజ్ఞతలు అని అందులో ఉంది. గోదాముని నిలబెట్టడానికి బయల్దేరిన మనిషి గోదాము కూల్చడానికి గునపం అందించింది. అయినా కళ్లారా, కాదు, చెవులారా విన్న నిజాన్ని ఎలా కాదంటుంది?

కమిటీ మీటింగు ముందురోజు మధ్యాహ్నం. రిసీవరుకి కొత్త బ్యాటరీ వేసి, ఇంట్లో ఉన్నానన్న మాట మరిచి ఆన్ చేసింది. గబగబా కట్టెయ్యబోయింది. అప్పుడు ఇన్స్పెక్టరు అటక సందులోంచి బీరువా మీదకి, బీరువా మీంచి నేల మీదకి దూకి, ఒళ్లు విరుచుకుని, వంటింట్లో పాలగిన్నె వైపు నడిచింది. అది దగ్గరికి వస్తున్నకొద్దీ టిక్కు టిక్కు పెద్దదైంది. కోడలు యాంటెనాని అటక వైపు తిప్పింది. చప్పుడు తగ్గిపోయింది. పిల్లి వైపు తిప్పింది. ఇల్లంతా మోగింది. పాలు తాగుతున్న పిల్లి మెడలో నీలం రిబ్బను, రిబ్బనుకి కుట్టిన పూస, పూసకి వెంట్రుకంత తోక.

"అత్తయ్యా," అంది కోడలు. "ఈ పూస ఎక్కడిది?"

అత్తగారు పిల్లిని చంకనెత్తుకుంది. నా పిల్లిని ఏమీ అననంటే చెప్తానంది. ఆ తర్వాత ఒక్కొక్క ముక్కే బయటపెట్టింది. ఒకనాడు తెల్లారి తలుపు తీస్తే ఇన్స్పెక్టరు గుమ్మంలో గబ్బిలాన్ని పెట్టుకుని కూర్చుంది. సగం తినేసింది. దానికి అంటుకుని ఈ పూస ఉంది. కోడలు చూస్తే పిల్లికి ఈ ఇంట్లో నీళ్లు పుట్టవని, ఆమె లేచేలోగా మిగిలినదాన్ని పెరట్లో పాతిపెట్టేసింది. పూస బాగుందని పారెయ్యబుద్ధి కాక రిబ్బనుకి కుట్టింది.

"నువ్వు పెట్టిన గుర్తేదో అనుకున్నానే," అంది అత్తగారు. "చచ్చినదానికి గుర్తెందుకులే అనుకున్నా. అది కబుర్లు పంపుతుందని నాకేం తెలుసు?"

"మరి గబ్బిలం మన అటక మీదకొచ్చిందని నేను గంతులేశాను కదా. అప్పుడైనా చెప్పొచ్చు కదత్తయ్యా."

"ఇంకో గబ్బిలం వచ్చిందేమో అనుకున్నా." అత్తగారు తల దించుకుంది. "నువ్వలా నవ్వగా చూసి ఎన్నాళ్లయింది?"

కోడలు నేల మీద కూర్చుండిపోయి ఏడ్చింది. మ్యాపు పోయినందుకు కాదు, ముందు బంగారం కోసం ఏడ్చింది. అది ఎప్పుడో పెరట్లో మట్టిలో కలిసిపోయింది. తను రోజూ చీకట్లోకి చూసి బాగా తింటున్నావే అని మురిసింది దాన్ని తిన్నదాన్ని చూసి. ఇన్నాళ్లూ ఇల్లంతా మునివేళ్ల మీద నడిచింది పిల్లి పగటి నిద్ర చెడకుండా. తలుచుకుంటే నవ్వూ వచ్చింది గానీ, ఏడుపు ఆగలేదు.

గైడు గారికి ఫోను చేసి అంతా చెప్పింది. ఈ సంగతి ఎంతమందికి తెలుసని అడిగారాయన. పిల్లి కాక నలుగురికి అని చెప్పింది. అయితే ఈ మీటింగు కాస్తా కానియ్యమ్మా, డిగ్రీ చేతికొచ్చాక మెల్లగా ఒక సవరణ రాసుకుందాం అన్నారు. అప్పటికి గోదాము ఉండదు కదా సార్ అంటే, ఆయనకి ఎవరో వచ్చారట, ఫోను పెట్టేశారు. ఆ సాయంత్రం కోడలు అన్నం ముట్టలేదు. అత్తగారు ఎప్పటి ప్రశ్న అడగలేదు. రేపు నేనూ వస్తానని మాత్రం అంది. పిల్లిని మోసేది నేనేగా అంది.

మీటింగు గదిలో మ్యాపు గోడంతా పరుచుకుని ఉంది. బిల్డరు ఒక్కొక్క ఎర్రచుక్క మీద వేలు పెట్టి, మేడం గారి అమోఘమైన పరిశోధన ప్రకారం అంటూ దంచేస్తున్నాడు. గబ్బిలానికి హోటళ్లున్నాయి, డిపోలున్నాయి, అటకలున్నాయి, ఇక పాడుబడ్డ గోదాము దేనికండీ అన్నాడు. గైడు గారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. కమిటీ పెద్దయిన ఆఫీసరు కోడలి వైపు తిరిగి, మీరేమైనా చెప్తారా అన్నాడు.

కోడలు రిసీవరు బల్ల మీద పెట్టి, బుట్ట మూత తీసింది. ఇన్స్పెక్టరు తాపీగా బయటికి వచ్చి, బల్ల పొడుగునా నడిచి, బిస్కట్ల పళ్లెం తనిఖీ చేసింది. ట్యాగు బ్యాటరీ ఆఖరి ఊపిరిలో ఉంది. అయినా టిక్కు టిక్కు అందరికీ వినిపించింది. పిల్లి ఎటు వెళితే చప్పుడు అటు వెళ్లింది.

"సార్, నేనిన్నాళ్లూ తిరిగింది గబ్బిలం వెంట కాదు," అంది కోడలు. "దాన్ని తిన్నదాని వెంట. ఈ మ్యాపులో ఒక్క చుక్క కూడా గబ్బిలానిది కాదు."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. ఆఫీసరు ఒకసారి పిల్లిని చూశాడు, ఒకసారి బిల్డర్ని చూశాడు. మరైతే గబ్బిలం ఎక్కడ తింటుందని అడిగాడు. కోడలు తెలియదంది. గోదాములో ఉంటుంది, సందెవేళ బయటికెళ్తుంది, రెట్టల్లో చిమ్మెట రెక్కలు దొరుకుతాయి, అంతవరకే తెలుసు, మిగతాదంతా మళ్లీ మొదటినుంచి చెయ్యాలి అంది. ఆ మాటతో తన డాక్టరేటు ఎంత దూరం జరిగిపోయిందో గదిలో అందరికన్నా ఆమెకే బాగా తెలుసు. గైడు గారి ముఖం మాడిపోయింది. పరిశోధన ఇంకా పూర్తికానట్టు నమోదు చేసి ఆఫీసరు మీటింగు ముగించాడు.

వరండాలో ఆయన వెనకనుంచి వచ్చి కలిశాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. పైనుంచి ఒత్తిడి ఉందనీ, ఆమె రిపోర్టులో ఏం రాసినా సరే, అది రాగానే అనుమతి ఇచ్చెయ్యమంటున్నారనీ చెప్పాడు.

"రిపోర్టు లేకుండా నేను సంతకం పెట్టలేనమ్మా. రిపోర్టు వస్తే పెట్టకుండా ఉండలేను," అన్నాడు. "అర్థమైంది కదా?"

కోడలికి అర్థం కావడానికి ఇంటిదాకా నడక పట్టింది. అర్థమయ్యాక వీధిలోనే నిలబడిపోయింది. ఇన్నేళ్లుగా ఎప్పుడు పూర్తవుతుందా అని తను కుమిలిపోయిన చదువే గోదాముకి పైకప్పు. అది పూర్తయిన రోజున ఆ దూలాలు కూలతాయి. అత్తగారు బుట్ట ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ కోడలు చెప్పిందంతా విని ముందుకి నడిచింది. ఇంటికెళ్లగానే పిల్లి మెడలోంచి పూస విప్పి, దాని చోట గజ్జె కట్టింది. ఇకమీదట అది వస్తుంటే గబ్బిలాలకి వినపడాలి కదా అంది.

ఇప్పుడు సాయంత్రం పూట అత్తాకోడళ్లిద్దరూ గోదాము గోడ పక్కన రెండు పీటలేసుకుని కూర్చుంటారు. గబ్బిలాలు బయటికి వస్తుంటే కోడలు ఎటు వెళ్లాయో రాసుకుంటుంది. అత్తగారు ఆకాశంలోకి వేలు చూపించి, అదిగో, ఇంకోటి అంటుంది. పాత గైడు గారు రిటైరయ్యాక కోడలికి కొత్త గైడు దొరికారు. ఆయన కూడా తొందరపెట్టే రకమే. ఆమె మాత్రం నెమ్మదిగా చేస్తోంది. తోటివాళ్ల బొజ్జల గురించి తలుచుకున్నప్పుడు ఇప్పటికీ కాస్త నొప్పిగానే ఉంటుంది.

బిల్డరు పాపం మర్యాదస్తుడు. అప్పుడప్పుడూ ఇంటికి ఫోను చేసి, మేడం గారి చదువు ఎప్పుడవుతుందండీ అని అడుగుతుంటాడు. ఆ ఫోను కోడలిని ఎత్తనివ్వదు అత్తగారు. చెయ్యి తుడుచుకుంటూ వచ్చి తనే ఎత్తుతుంది.

"ఇంకా అవలేదు బాబూ," అంటుంది. "మా కోడలికి తొందరేం లేదు."