జకరయ్య గారి పకోడీల ఉపవాసం

నేను ఒక మైకును. నల్లటి పిడి, పైన వెండిరంగు జాలీ, తోకలా పదిహేను గజాల తీగ. ఎక్కడో ఢిల్లీ సందులో ఓ చిన్న కార్ఖానాలో పుట్టాను. నన్ను తయారుచేసిన మనిషి "హలో, హలో" అని రెండుసార్లు పలికి చూసి పెట్టెలో పడేశాడు. ఈ లోకంలో నేను విన్న మొదటి మాట అది. అందులో అబద్ధం లేదు. ఆ తర్వాత అంత మచ్చలేని మాట వినడానికి చాలా ఏళ్ళు పట్టింది.

రేపల్లెలో సౌండు బాక్సులు అద్దెకిచ్చే మీరావలి నన్ను కొన్నాడు. ఆరేళ్ళు పెళ్ళిళ్ళూ ఎన్నికల సభలూ తిరిగాను. ఒకే వీధికి ఒకే రోడ్డును ముగ్గురు నాయకులు నాలోంచే వేయించారు. ఆ వీధివాళ్ళు ఇప్పటికీ బురదలోనే నడుస్తున్నారు. అందుకే మీరావలి నన్ను కాలవగట్టు మీది ఓ పల్లెలో చర్చికి ఇచ్చేసినప్పుడు, ఇక ప్రాణానికి హాయి అనుకున్నాను. దేవుడి ఇంట్లో ఎవరు అబద్ధమాడతారు?

అక్కడ నా బాగోగులు చూసేది సంఘపెద్ద జకరయ్య గారు. ఆటో నడుపుతారు. వానైనా వరదైనా జబ్బుపడ్డవాళ్ళ గుమ్మం ముందు ఆయన ఆటో ఉండేది. మంచి మనిషి. కానీ నన్ను చేతిలోకి తీసుకోగానే నాలుగంగుళాలు పొడుగయ్యేవారు.

ఆ ఏడు పాస్టరు ఆశీర్వాదం గారు ఇరవై ఒక్క రోజుల ఉపవాస ప్రార్థనలు ప్రకటించారు. "ఎవరి ఓపిక వాళ్ళది, ఒక్క పూటైనా చాలు" అని కూడా అన్నారు. జకరయ్య గారు నన్ను అందుకున్నారు. "ప్రభువు నాతో మాట్లాడాడు. ఇరవై ఒక్క రోజులూ నాకు మంచినీళ్ళే!"

సంఘమంతా "స్తోత్రం!" అంది.

మాట్లాడేవాడి నోటికి నా అంత దగ్గరగా ఉండేది మరొకటి లేదు. ఆ సంగతి మనుషులు మరిచిపోతారు. మొదటి రోజు సాయంత్రం, ఉపవాసం ఎలా గడిచిందో అందరికీ చెప్పే ఆయన సాక్ష్యంలో అల్లం పెసరట్టు వాసన వేసింది. మూడో రోజు ఉల్లిపాయ పకోడీ. ఐదో రోజు చేపల పులుసు. ఆ రోజే ఆయన "దేవుని వాక్యం తప్ప నా నాలుకకు ఏ రుచీ తగల్లేదు" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. కన్నీళ్ళు నిజమైనవే. పులుసులో కారం ఎక్కువైంది.

మొదట అబద్ధమాడాలని ఆయన అనుకుని ఉండరు. పొద్దున గట్టిగానే మొదలుపెట్టి, పదకొండింటికల్లా ఆకలికి లొంగిపోయి ఉంటారు. లొంగిపోయానని సాయంత్రం చెప్పేస్తే సరిపోయేది. కానీ అంతమంది స్తోత్రం అన్నాక ఎలా చెప్తారు?

సంఘంలో దీవెనమ్మ అనే ముసలావిడ ఉంది. అరవై ఆరేళ్ళు, షుగరు. "జకరయ్యకి బలమిచ్చిన దేవుడు నాకియ్యడా?" అని పదో రోజు నుంచి అన్నమూ మానేసింది, మాత్రలూ మానేసింది. పదమూడో రోజు పాట మధ్యలో దబ్బున పడిపోయింది. ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్ళింది జకరయ్య గారి ఆటోనే. మర్నాటి నుంచి ఆయన సాక్ష్యం చెప్పలేదు. గొంతు పోయిందని చెప్పారు, గట్టి గొంతుతోనే.

ఆఖరి రోజున దీవెనమ్మ తిరిగొచ్చి నన్ను అడిగి తీసుకుంది. ఆమె చెయ్యి ఎండుటాకులా ఉంది.

"నా విశ్వాసం చాల్లేదమ్మా. జకరయ్యకున్న భక్తి నాకేదీ? దేవుడికి కోపమొచ్చి పడేశాడు. నన్ను క్షమించమని అందరూ ప్రార్థన చెయ్యండి." అని నన్ను జకరయ్య గారి చేతిలో పెట్టింది. "నువ్వు చెయ్యి నాయనా ముందు. నీ మాట వింటాడు."

ఆయన అరచేతి చెమటకు నేను జారిపోబోయాను. ఆయన పాస్టరు గారి వైపు తిరిగారు.

"అయ్యగారూ, నేను ఒక్క రోజన్నా ఉపవాసం ఉండలేదండీ. కాలవ లాకుల దగ్గర హోటల్లో తిన్నాను. రోజూ."

ఆడవాళ్ళ వైపు నుంచి ఆయన భార్య సంపూర్ణమ్మ లేచింది. "మరి ఆకలికి ఆగలేరేమోనని నేను రోజూ వండిందంతా గేదెకి పోశానే!"

ఎవరో కిసుక్కున నవ్వారు. పాస్టరు గారు నవ్వలేదు.

"ఆకలేస్తే తినడం పాపం కాదు జకరయ్య గారూ. తిని, తినలేదని దేవుడి పేరు పెట్టి చెప్పారు చూడండి, అది పాపం. మమ్మల్ని నమ్మించారు. ఆయన్ని కూడా నమ్మించగలననుకున్నారా?"

"అనుకోలేదండీ. ఆయన ఉన్నాడన్న సంగతే మర్చిపోయాను."

దీవెనమ్మ మెల్లగా అంది. "అయితే దేవుడికి నా మీద కోపం లేదన్నమాట. నాలుగు రోజులు సెలైను పెట్టించుకుని ఏడ్చాను గదరా! ముందే చెప్తే ఆ పకోడీ నాకూ ఒకటి తెచ్చేవాడివి."

అప్పుడు జకరయ్య గారు నిజంగా ఏడ్చారు. పెద్దరికం వదులుకుని, ఏడాదిపాటు వెనక బల్ల మీద కూర్చున్నారు. నా జోలికి రాలేదు. దీవెనమ్మను మాత్రం నెలనెలా ఆసుపత్రికి తీసుకెళ్ళేవారు.

ఇప్పుడు తీగలేని మైకు వచ్చింది. నన్ను అట్టపెట్టెలో పెట్టి బీరువా ఎక్కించారు. అక్కడ పడుకుని, నాలోంచి వెళ్ళిన మాటలన్నీ తలుచుకుంటూ ఉంటాను. చాలావరకు మరిచిపోయాను కూడా. ఒకటి మాత్రం గుర్తుంది. మరుసటి ఏడు ఉపవాసాలకు పేర్లిస్తుంటే జకరయ్య గారు వెనక బల్ల నుంచి లేచి వచ్చి, నన్ను పట్టుకుని అన్నారు.

"పన్నెండింటిదాకా ఉండగలనండీ. ఆపైన నా వల్ల కాదు."

దీవెనమ్మే అందరికంటే ముందు "ఆమెన్" అంది.