తువ్వాలు కింద పాచిక

పురుషోత్తమన్న పాచిక వేసి దాని మీద తువ్వాలు కప్పిన మొదటి ఆదివారమే నాకు అనుమానం వచ్చింది. కప్పాడు, అంచు కాస్త ఎత్తి లోపలికి చూశాడు, "పదకొండు" అన్నాడు, పాచికను తువ్వాలుతో సహా చుట్టి ఒళ్లో పెట్టుకున్నాడు. మిగతా ఇద్దరూ కిక్కురుమనలేదు. పాచిక అందరికీ కనబడాలి కదా అని నేనొక్కదాన్నే అడిగాను. చేతి అలవాటమ్మా అని నవ్వేశాడు. చేతి అలవాట్లు చాలా రకాలుంటాయి. జేబులు కొట్టేవాడిది కూడా చేతి అలవాటే.

ఈ ఆట తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో చెబుతాను. గళ్లుండవు, పావులుండవు. ఒకడు కథ చెబుతాడు, మిగతావాళ్లు ఆ కథలో తలా ఒక మనిషి అవుతారు. నేను గోడ దూకుతాను అంటే సరిపోదు, ఇరవై ముఖాల పాచిక వేయాలి. పెద్ద అంకె పడితే దూకినట్టు, చిన్నది పడితే కాలు విరిగినట్టు. కథ చెప్పేవాడు శత్రువుల తరఫున పాచిక వేస్తాడు. ఎవరి అంకె చాలిందో తేల్చేదీ అతనే, అతని మాటే ఆటలో చివరి మాట.

మాకు కథ చెప్పేది హరినాథ్. కుప్పంలో ఒక గ్రానైటు యూనిట్లో డిజైన్లు గీస్తాడు. బెంగుళూరులో చదువుకునేటప్పుడు ఈ ఆట నేర్చుకుని, మంచు కొండలూ రెక్కల పాములూ మనకెందుకని పాళెగాళ్ల కాలంనాటి కథ సొంతంగా అల్లాడు. కుప్పంలోనే ఒక ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేసే చాందిని అతనితో పాటు బస్సులో వస్తుంది. నేను మదనపల్లె నుంచి వస్తాను. మధ్యలో పుంగనూరు కాబట్టి ఆదివారం మధ్యాహ్నాలు అందరం పురుషోత్తమన్న ఇంటి మేడ మీద గదిలో చేరతాం. ఆయన పాల కేంద్రంలో పని చేస్తాడు. వాళ్ల నాన్న శంకరప్ప పశువుల సంతలో పేరున్న దళారి. ఆయన పోయాక ఆయన తువ్వాలు కొడుకు భుజం మీదికి వచ్చింది.

ముగ్గురూ మంచివాళ్లే, కానీ ఆడటం చేతకాదు. పురుషోత్తమన్న ఆటలో బేరాల బసప్ప. ఎక్కడ కావలివాడు కనబడినా కత్తి తీయడానికి ముందు వాడితో బేరం పెడతాడు. ఒకసారి దెయ్యంతో కూడా పెట్టాడు. మేం ముగ్గురం గంటసేపు బొరుగులు తింటూ కూర్చున్నాం. చాందిని మందుమూలికలు తెలిసిన పాపక్క. తన వంతు వచ్చేదాకా ఫోను చూసుకుంటుంది, వంతు రాగానే ఇప్పుడు మనం ఎక్కడున్నాం అని అడుగుతుంది. హరినాథ్ తన ముందు బిస్కెట్ల అట్టపెట్టె అడ్డం పెట్టుకుని దాని వెనకాల పాచికలు వేస్తాడు. కథ చెప్పేవాడికి ఆ మాత్రం మరుగు ఉండాలట. నియమాలు వాళ్లు మరిచిపోతే గుర్తు చేసేది నేను, లెక్క తప్పితే సరిచేసేది నేను. నేను లేకపోతే ఆ గది చేపల మార్కెట్టే.

ఆ సంగతి వాళ్లకీ తెలుసు. పోయిన ఏడాది ఒకసారి కోట వాకిలి కావలినాయకుడి మీదికి నేను పోతుండగానే బసప్ప అడ్డం వచ్చి వాడిని పడగొట్టాడు. నా వంతు రాకముందే దూకడం తప్పన్నాను. కాదన్నారు. అయితే మీరే ఆడుకోండని బ్యాగు తీసుకుని బస్టాండుకి నడిచాను. ముగ్గురూ వెనకాలే పరిగెత్తుకొచ్చి, బాదంపాలు తాగించి, బతిమాలి వెనక్కి తీసుకెళ్లారు. నా అవసరం వాళ్లకి ఎంత ఉందో ఆ రోజు నాకు బాగా అర్థమైంది.

నేను ఆటలో గంగులమ్మను. నల్లకొండ పాళెగాడు అన్నను చంపితే, ఒక్క కత్తితో అడవిలోకి వచ్చిన ఆడది. నిమ్మనపల్లె మండలంలో గ్రామ సచివాలయం ఉద్యోగం నాది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనం నాకు అబద్ధాలు చెబుతారు, పైవాళ్లు నాకు చీవాట్లు పెడతారు. ఇంట్లో మా ఆయన శివకుమార్ మంచివాడే, కాకపోతే నేను చెప్పే ప్రతిదానికీ సరేలే అంటాడు. ఆ సరేలే వింటే నాకు ఒళ్లు మండుతుంది. వారం మొత్తంలో ఆ మేడగదిలో మాత్రమే నేను ఏదైనా అంటే అది జరుగుతుంది. గంగులమ్మ కొండకోట ఎక్కింది, కావలికుక్కల్ని మచ్చిక చేసుకుంది, వరదలో వంక దాటింది. సోమవారం పొద్దున బస్సులో కూర్చుని అవన్నీ తలుచుకుంటే నాకు నిజంగా ధైర్యం వస్తుంది. చెప్పుకుంటే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

అందుకే ఆ తువ్వాలు నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. అనుమానం పెనుభూతం అంటారు. నాది భూతం కాదు, ముందుజాగ్రత్త. మా నాన్న చెంగయ్య టమోటా మండీలో వేలం పాడేవాడు. ప్రతి ధరా నలుగురూ వినేలా గొంతెత్తి పాడాలి, దాచిన ధర దొంగ ధర అనేవాడు. ఆయన కూతురి ఎదుట అంకెను గుడ్డ కింద దాస్తే ఎలా ఊరుకుంటుంది?

నెలల తరబడి గమనించాను. బసప్ప ఒక్కడే ఏదైనా చేసేటప్పుడు అంకెలు మామూలుగానే ఉంటాయి. గంగులమ్మా బసప్పా ఒకేచోటికి పోయినప్పుడు మాత్రం ఆయన తువ్వాలు కింద చూసి నాలుగనో అయిదనో అంటాడు. అప్పుడు హరినాథ్ అట్టపెట్టె సర్దుకుంటాడు, చాందిని ఫోనులోకి తల దించుతుంది. ముగ్గురికీ ఏదో తెలుసు, నాకు తెలియదు.

చిన్న అంకెలు చెప్పి మోసమేమిటని నేనూ మొదట తికమకపడ్డాను. తర్వాత వెలిగింది. సంతలో దళారి ఏం చేస్తాడు? చిన్న బేరాలు నాలుగు ఓడిపోయి నమ్మకం సంపాదిస్తాడు, పెద్ద బేరంలో నిండా ముంచుతాడు. చివరి రోజు, పాళెగాడు ఎదురుపడిన రోజు, ఈయన తువ్వాలు ఎత్తి ఇరవై అంటాడు. పాపం ఇన్నాళ్లూ ఓడాడు కదా అని ఎవరూ ప్రశ్నించరు. నా అన్నను చంపినవాడు బసప్ప చేతిలో చస్తాడు. మిగతా ఇద్దరికీ ఇందులో వాటా ఉంది. తిలా పాపం తలా పిడికెడు.

ఆ చివరి రోజు రానే వచ్చింది. ఆ ఆదివారం మేడ ఎక్కేముందు వంటింట్లోకి వెళ్లి పురుషోత్తమన్న వాళ్లమ్మ రాజేశ్వరమ్మ దగ్గర కూర్చున్నాను. మిరపకాయ బజ్జీలకి పిండి కలుపుతోంది. మీవాడు ఆ తువ్వాలు వదలడేమని మాట కదిపాను. వాళ్ల నాయన గుణమే వచ్చింది వాడికి, లోపల ఏముండాదో బయట పడనీడు అంది. నాకు ఆ మాట చాలు. తల్లే సాక్ష్యం చెప్పింది.

పైన ఆట మొదలైంది. నల్లకొండ కోట లోపలి మండువా. చాందిని ఆ రోజు ఫోను ముట్టుకోలేదు. నేను పాళెగాడి ఎదుట నిలబడి మా అన్న పేరు చెప్పాను. వాడు పక్క గుమ్మం వైపు పరిగెత్తాడన్నాడు హరినాథ్. ఆ గుమ్మం దగ్గర తెర వెనకాల బసప్ప ఉన్నాడు. పెద్ద అంకె పడితే బసప్ప కత్తికి పాళెగాడు బలి, చిన్నది పడితే తప్పించుకుని మళ్లీ నా ముందుకు వస్తాడు.

పురుషోత్తమన్న పాచిక వేశాడు. తువ్వాలు కప్పాడు. అంచు ఎత్తి చూశాడు. నేను ఆయన నోటి వైపే చూస్తున్నాను.

"రెండు" అన్నాడు.

నేను అనుకున్నది అది కాదు. కానీ నా చెయ్యి అప్పటికే లేచింది. తువ్వాలు కొస పట్టుకుని లాగేశాను. పాచిక చాప మీద కదలకుండా ఉంది. పై ముఖం మీద పంతొమ్మిది.

నేను మళ్లీ చూశాను. పంతొమ్మిదే. దొంగను పట్టుకున్నానని అరవడానికి సిద్ధంగా ఉన్న నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది. ఎక్కువ పడితే తక్కువ చెప్పేవాడిని ఏమంటారు?

"రెండని యాల చెప్పినావు?" అన్నాను.

చాందిని అందుకుంది.

"నీ కోసరమేక్కా. వాకిలి కాడ బసప్ప నీకన్నా ముందు కొట్టిన దినం బ్యాగు తీసుకొని బస్టాండుకు పోయినావు. ఆ పొద్దు బతిమాలితే వస్తివి. ఇంగోసారి పోతే రావని భయపడితిమి. నలుగురం లేకుంటే ఆట యాడుంటాది?"

నాకు ముందు కోపం వచ్చింది. తర్వాత ఇంకో సంగతి తట్టింది. హరినాథ్ వైపు తిరిగి, నీ అట్టపెట్టె వెనకాల కూడా ఇంతేనా అని అడిగాను. అతను తల దించుకున్నాడు. కుక్కలు? వరద? కొండకోట? ఒక్కొక్కటే అడిగాను.

"కొన్ని నువ్వు నిజంగానే గెలిచినావక్కా" అన్నాడు చివరికి.

"ఏవి?"

"గుర్తు లేదక్కా."

ఏడాదిగా నేను ఏదంటే అది జరిగింది. ఎందుకు జరిగిందో ఇప్పుడు తెలిసింది. ఇంట్లో మా ఆయన నోటితో అనేదాన్ని వీళ్లు పాచికలతో అన్నారు. సరేలే, సరేలే.

పురుషోత్తమన్న తువ్వాలు మడతపెట్టి మోకాలి మీద వేసుకున్నాడు. "మా నాయన సంతలో తువ్వాలు కిందనే వేళ్లు పట్టుకొని బేరం సేసేవాడు" అన్నాడు మెల్లగా. "తక్కువ ధరకు అమ్ముకునేవాని మానం నలుగురిలో పోకూడదని. అది మోసానికి కాదమ్మా, మర్యాదకు. నాకూ అదే వచ్చింది."

బ్యాగు తీసుకుని కిందికి దిగాను. చివరి మెట్టు మీద ఆగాను. బజ్జీల వాసన వస్తోంది. చెప్పు తొడుక్కోవడానికి ఆగానని అనుకున్నాను గానీ, నిజానికి వాళ్ల అడుగుల చప్పుడు కోసం ఆగాను. ఎవరూ రాలేదు. ఇన్నాళ్లూ ఆ గదిలో ఆట చెడగొట్టేది ఎవరని వెతికాను. ఒకరి అట్టపెట్టె పట్టుకున్నాను, ఒకరి ఫోను పట్టుకున్నాను, ఒకరి తువ్వాలు పట్టుకున్నాను. ముగ్గురు పెద్దమనుషులు ఒక మనిషి అలకకు భయపడి ఏడాదిపాటు అంకెలు దాచుకున్నారు. సిగ్గేసింది. చాలా సిగ్గేసింది. రాజేశ్వరమ్మ వంటింట్లోంచి తొంగిచూసి, యాడికమ్మా, బజ్జీలు అయితాండాయి అంది. చెప్పులు విప్పి మళ్లీ పైకి ఎక్కాను.

ముగ్గురూ ఎక్కడివాళ్లక్కడే కూర్చుని ఉన్నారు. పాచిక చాప మీద అలాగే ఉంది.

"పడింది పంతొమ్మిది" అన్నాను. "పాళెగాన్ని బసప్ప చంపినాడు. ఆ పెట్టె తీసి పక్కన పెట్టు హరినాథ్. తర్వాత ఏమైందో చెప్పు."

హరినాథ్ నా మొహం చూశాడు, నేను నిజంగానే అంటున్నానా అన్నట్టు. పెట్టె తీసి గోడవారకి నెట్టాడు. పాళెగాడు కూలిపోయాడు. నా పగ ఇంకొకరి చేతిలో తీరిపోయింది. మింగుడుపడలేదు, అయినా నోరు మూసుకుని కూర్చున్నాను. వాడి అంగరక్షకుడు ఒకడు మిగిలాడు, వాడు ఈటె ఎత్తి నా మీదికి వస్తున్నాడన్నాడు హరినాథ్. మా అందరి ఎదుటా పాచిక వేశాడు. పద్దెనిమిది. గంగులమ్మ పక్కకు తప్పుకుంటే బతుకుతుంది, లేకపోతే లేదు. ఇక నా పాచిక.

చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాను. ఏం చేయను, నా గుణం నాది. అంకెలన్నీ సరిగ్గానే ఉన్నాయి. వేశాను. అది దొర్లుకుంటూ వెళ్లి చాందిని మోకాలి దగ్గర ఆగింది. ఆ పిల్ల చెయ్యి అంకెను మూయడానికి దాని మీదికి వచ్చింది. పురుషోత్తమన్న తువ్వాలు అంచు కూడా కదిలింది. నేను చాందిని మణికట్టు పట్టుకుని పక్కకు జరిపాను.

మండీలో మా నాన్న పాడినట్టు, కింద వంటింట్లోకి కూడా వినబడేలా పాడాను.

"మూడు."

గంగులమ్మ చచ్చిపోయింది. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. ఎవరూ అంకె మార్చలేదు. ఏడాదిగా గెలిచినవాటిలో ఏది నాదో నాకు ఇప్పటికీ తెలియదు గానీ, ఆ మూడు మాత్రం నాదే.