నాన్న కొలిచిన డొంక

"ఏసోబు తాతగారు దీనుడు. ఎవరితోనూ తగువుకు పోని మనిషి" అన్నారు పాస్టరు ప్రసన్నకుమార్ గారు, మా ఇంటి ముందు నాన్న శవపెట్టె పక్కన నిలబడి. నాకు ఒళ్లు మండింది. నాన్నను ఎరిగిన వాళ్లెవరూ ఆ మాట అనరు.

పద్దెనిమిదేళ్లప్పుడు ఆయన పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లో పని వదిలేసి, ఇంట్లో చెప్పకుండా ఒంగోలులో రైలెక్కి సైన్యంలో చేరాడు. బర్మా యుద్ధంలో వంతెనలు కట్టే దళంలో పనిచేశాడు. అవతలి గట్టు నుంచి తుపాకులు పేలుతుంటే, నడుముకు తాడు కట్టుకుని వరద ఏరు ఈదాడు. మిగతావాళ్లు ఆ తాడు పట్టుకునే దాటారు. యుద్ధమయ్యాక సైన్యం వదిలించుకున్న పాత మోటారు సైకిలొకటి కొని, జబల్‌పూర్ నుంచి అద్దంకి దాకా పదకొండు రోజులు దానిమీదే వచ్చాడు. ముప్పై ఏళ్లకు కుర్రాళ్ల పక్కన బెంచీ మీద కూర్చుని ఇంజనీరింగ్ డిప్లొమా చదివాడు. సాగర్ కుడి కాలువ కోసం ఈ నల్లరేగడిలో ఎత్తుపల్లాలు కొలిచి లెవెళ్లు తీసినవాళ్లలో ఆయనొకడు. నాకు ఏడేళ్లప్పుడు ఆ లెవెళ్లు తీసే పరికరానికి కన్ను ఆనించి చూడమన్నాడు. అందులో మనుషులు తలకిందులుగా నడుస్తుంటే పడిపడి నవ్వాను. అమ్మ అప్పటికే లేదు. నాకు జడ వెయ్యడం ఆయన పక్కింటి పున్నమ్మక్క దగ్గర నేర్చుకున్నాడు.

ఇంత చేసినా, ఆఫీసులో అసిస్టెంటు ఇంజనీరు గారైన మనిషి ఊళ్లోకొచ్చేసరికి ఉత్త ఏసోబు. ఆయన కొడుకు వయసువాళ్లు కూడా అలాగే పిలిచేవాళ్లు. ఆయన నవ్వి ఊరుకునేవాడు. నేను ఊరుకోలేకపోయేదాన్ని.

మా పల్లె నుంచి సమాధుల తోటకు పొలాల మధ్యగా ఒక డొంక, అందరూ నడిచే బండి బాట, ఉండేది. కాలువ నీళ్లొచ్చి పత్తి పండటం మొదలయ్యాక, పక్క పొలం శ్రీకృష్ణ ఏటా ఒక సాలు చొప్పున లోపలికి దున్నుకుంటూ వచ్చాడు. తొంభై ఎనిమిది నాటికి డొంకే లేకుండా పోయింది. ఆ ఎండాకాలం, డెబ్బై ఆరేళ్ల నాన్న, తన దగ్గర ఇరవై ఏళ్లు కొలత గొలుసు పట్టే చైన్‌మన్‌గా చేసిన బుడాన్ మామను వెంటబెట్టుకుని మూడు రోజులు దాన్ని కొలిచాడు. పటం గీసి మండలాఫీసులో అర్జీ ఇచ్చాడు. తర్వాత ఐదేళ్లూ నెలకోసారి వెళ్లి అడిగాడు. "చూస్తాంలే తాతా" అని పంపించేవాళ్లు. రెండువేల మూడు నవంబరులో, ఎనభై ఒకటో ఏట, ఆ జవాబు రాకుండానే పోయాడు.

పెట్టె మోసుకుని పొలం దాకా వెళ్లాం. శ్రీకృష్ణ గట్టుమీద నిలబడి ఉన్నాడు.

"పత్తి తీతకొచ్చింది టీచరమ్మా. కాలువ కట్ట మీంచి చుట్టూ తీసుకుపోండి. ఇంతకు ముందు మీవోళ్లంతా అట్టాగే పోయారుగా" అన్నాడు.

"కట్టంతా మోకాటి లోతు బురద. మోసేవాళ్లు జారితే?"

"నిదానంగా పోతే ఎందుకు జారతారు? ఏసోబుంటే ఈ గొడవ పెట్టుకునేవాడా?"

"ఏసోబు గారు అనండి" అన్నాను. "ఈ గొడవ మొదలుపెట్టిందే ఆయన."

పాస్టరు గారు నా పక్కకొచ్చి, "సమాధానంగా చుట్టూ పోదామమ్మా" అన్నారు. మోసేవాళ్లు నేల చూస్తున్నారు. వాళ్లను తప్పుపట్టలేను. రేపు కూలికి పిలవాల్సింది శ్రీకృష్ణే. కానీ నాన్నను దొంగతోవన తీసుకుపోయినట్టు బురదలో తీసుకుపోవడం నా వల్ల కాదు.

"పెట్టె దించండి" అన్నాను. "మామా, ఇంటికెళ్లి నాన్న పటం, టేపు తెస్తావా?"

బుడాన్ మామకు అప్పటికే డెబ్బై దాటాయి. వగరుస్తూ తిరిగొచ్చాడు. పటంలో నాన్న గుర్తుపెట్టిన చోట మట్టి తవ్వితే జానెడు లోతులో హద్దురాయి తగిలింది. రెండోది పత్తి మొదళ్ల మధ్య దొరికింది. రెంటికీ మధ్య తాడు లాగి, అడ్డంగా టేపు పట్టాం. పటంలో డొంక వెడల్పు పద్దెనిమిది అడుగులు. ఆరు సాళ్ల పత్తి.

మొదటి చెట్టు నేను పీకాను. ఎండిన కాయ మొనలు అరచేతిలో గుచ్చుకున్నాయి. నా వెనక ఎవరూ కదల్లేదు. కాసేపటికి పున్నమ్మక్క కొంగు నడుముకు దోపుకుని సాల్లోకి దిగింది. ఆమె శ్రీకృష్ణ పొలంలోనే కూలి.

"ఏం పున్నమ్మా, నువ్వు కూడానా?" అన్నాడతను.

"నాటింది నేనేగా బాబూ. పీకేదీ నేనే."

ఆ తర్వాత ఆడవాళ్లంతా దిగారు. మగవాళ్లు కూడా వచ్చారు. శ్రీకృష్ణ కేసు పెడతానన్నాడు. పెట్టమన్నాను. పొద్దు నడినెత్తి మీద ఉండగా నాన్నను తిన్నగా, ఆయన కొలిచిన డొంకలోనే మోసుకుపోయి పూడ్చాం.

అన్నట్టే కేసు పెట్టాడు, నామీదా పున్నమ్మక్క మీదా. ఐదేళ్లు కదలని మండలాఫీసు వాళ్లు నాలుగో రోజుకే వచ్చి పీకిన చెట్లు చూసి రాసుకుపోయారు. ఊళ్లో ఎవరూ పున్నమ్మక్కను పనికి పిలవలేదు. ఆ ఏడాది ఆమె పెదకాకాని వైపు మిరపకాయ కోతలకు పోయింది. మూడేళ్లు ఇద్దరం అద్దంకి కోర్టుకు తిరిగాం. చివరికి కేసు కొట్టేశారు. డొంక డొంకేనని తీర్పు ఇచ్చారు.

తీర్పు కాగితం తీసుకుని మండలాఫీసుకు వెళ్తే, అక్కడి అధికారి నవ్వుతూ కుర్చీ చూపించాడు. "ఇప్పటికి మీ నాన్నగారి ఆత్మ శాంతించి ఉంటుందండీ" అన్నాడు.

"ఆయన బతికుండగా ఐదేళ్లు ఈ బల్ల ముందు నిలబడ్డాడు" అన్నాను. "ఒక్కసారైనా కూర్చోమన్నారా?"

అతను రికార్డు పుస్తకం ముందుకు లాక్కున్నాడు. నేను కూర్చోలేదు. డొంకను రికార్డులో ఎక్కించి, ముద్ర వేసేదాకా అక్కడే నిలబడ్డాను. బయట పున్నమ్మక్క బస్సు పోతుందని కేకేస్తున్నా కదల్లేదు.