కఫం లాగే మిషన్ని నేను

నేను ఒక సక్షన్ మిషన్ని. విశాఖపట్నంలో ఒక పిల్లల ఆసుపత్రి ఐసీయూలో, మూడో మంచం పక్కన నా ఉద్యోగం. వెంటిలేటర్ మీదున్న పిల్లల ఊపిరిగొట్టంలోంచి కఫం లాగడం నా పని. పని చిన్నదే, చప్పుడు మాత్రం గొప్పగా చేస్తాను. ఫ్యాక్టరీలో నన్ను పరీక్షించిన పెద్దమనిషి బకెట్టు నీళ్లు లాగించి భేష్ అన్నాడు. పసిపిల్ల ఛాతీ బకెట్టు కాదని ఆయన చెప్పలేదు. అది ఇక్కడి పాత నర్సు సలోమి సిస్టర్ చేతిలో పడ్డాకే తెలిసింది.

నాలుగేళ్ల లిఖితను న్యుమోనియాతో తెచ్చి, నా మంచం మీద వెంటిలేటర్ పెట్టారు. తల్లి పైడితల్లి అద్దం తలుపు దగ్గర నిలబడి, నా చప్పుడు వినగానే మొహం తిప్పుకొనేది. ఆవిడ దృష్టిలో నేనో రాక్షసిని. అందులో తప్పేముంది?

కొత్త నర్సు నీలవేణి గడియారం చూసి పనిచేసేది. అవసరమున్నా లేకున్నా రెండు గంటలకోసారి నన్ను ఆన్ చేయడం, చార్టులో టిక్కు పెట్టడం. మనుషులకు టిక్కంటే మహా గురి. మూడోరోజు పొద్దున అలా లాగుతుంటే పిల్ల ఆక్సిజన్ దిగిపోయి పెదాలు నీలంగా మారాయి. తేరుకోవడానికి పావుగంట పట్టింది. ఆక్సిజన్ ఇలా ఇంకోసారి పడితే కష్టమన్నాడు డాక్టరు.

"టైమయిందని లాగీకమ్మా," అంది సలోమి సిస్టర్. "ముందు ఛాతీ విను. గరగరమంటేనే లాగు."

గంట తిరక్కుండానే వెంటిలేటర్ మోగింది. ఆక్సిజన్ మళ్లీ పడుతోంది. టైము కాలేదే అని నీలవేణి చార్టు పట్టుకుని నిలబడిపోయింది. సలోమి సిస్టర్ వచ్చి ఛాతీ వింది, ఆక్సిజన్ పెంచింది, తన ఊపిరి తాను బిగబట్టి సన్నగొట్టం లోపలికి పంపింది. లాగుతున్నంతసేపూ పిల్లకి గాలి అందదు కదా, తనకి గాలి కావాలనిపించేలోగా గొట్టం బయటికి రావాలి. ఇరవై ఏళ్లుగా అదే ఆవిడ పద్ధతి. చిక్కటి కఫం ముద్ద ఒకటి నాలోకొచ్చి పడింది. గొట్టం తీసి ఆవిడ గాలి పీల్చుకుంది. తెరమీద ఆక్సిజన్ అంకె పైకి లేచింది: డెబ్భై ఎనిమిది, ఎనభై అయిదు, తొంభై ఆరు. ఆ చేతులకి దణ్ణం పెట్టాలనిపించింది గానీ, నాకు చేతులేవీ!

మరో అయిదు రోజులకి లిఖితకి వెంటిలేటర్ గొట్టం తీసేశారు. కాసేపు కదలకుండా పడుకుని, బొంగురుగా ఒక్కసారి దగ్గింది.

పైడితల్లి హడలిపోయింది. "సిస్టరమ్మా, పిల్ల దగ్గుతంది. ఆ మిషను పెట్టండమ్మా."

"దగ్గనీ తల్లీ," అంది సలోమి సిస్టర్. "ఇన్నాళ్లూ అది దగ్గలేకే కదా, మేం లాగేం."

నా స్విచ్చి ఎవరూ ముట్టుకోలేదు. లిఖిత మళ్లీ దగ్గింది, ఈసారి గట్టిగా.